కింద పడ్డ రొట్టె

పిల్లలూ, టర్కీలో రొట్టె లేనిదే భోజనం లేదు. ఇస్తాంబుల్ నగరంలో ఒక ఇంట నాకు ఉదయపు ఫలహారం పెట్టారు: రొట్టె, పనీరు, ఆలివ్ కాయలు, పాలు కలపని టీ. నా చేతిలోని రొట్టెముక్క జారిపడింది. కాలితో పక్కకు నెట్టాను. ఆ ఇంటి అవ్వ దాన్ని తీసి, ముద్దు పెట్టుకుని, నుదుట తాకించి, పిట్టలకోసం కిటికీలో ఉంచింది. నన్ను ఒక్క మాట అనలేదు.

నాకు సిగ్గు వేసింది. మెతుకు కాలికి తగిలితే కళ్ళకద్దుకోమని మా అమ్మ నాకు చెప్పలేదూ?

మరునాడు రొట్టెల దుకాణంలో అవ్వ రెండింటికి డబ్బిచ్చి ఒకటే తీసుకున్నది. రెండవది డబ్బులేని వారికట! దాన్ని అక్కడ 'అస్కిదా ఎక్‌మెక్', అంటే తగిలించి ఉంచిన రొట్టె అంటారు.

కంచంలో మెతుకులు వదిలేముందు ఆ అవ్వను తలుచుకోండి. నేను ఇప్పటికీ తలుచుకుంటాను.