ఆ రెండున్నర సెకన్లు

తాడిమర్రి నుంచి బత్తలపల్లి, ధర్మవరం మీదుగా వెళ్తుంటే వేరుసెనగ చేలు, గొర్రెల మందలు, కూలీల ఆటోలు... ప్రయాణం నింపాదిగానే సాగుతుంది. 44వ నంబరు జాతీయ రహదారి (పాత ఏడో నంబరు) ఎక్కామో, ఇక లారీలే లారీలు! కియా ఫ్యాక్టరీ, పెనుకొండ కొండ, సోమందేపల్లి, కొడికొండ చెక్‌పోస్టు చకచకా వెనక్కి వెళ్లిపోతాయి. మధ్యమధ్యలో రోడ్డు పక్కన ఆగిన లారీ. టైరు కింద రాయి, వెనకాల ఓ చెట్టుకొమ్మ. పగలైతే సరే, పొగమంచులోనో?

ఇదే రోడ్డుమీద 2023 అక్టోబరు 26 ఉదయం, చిక్‌బళ్లాపూర్ దగ్గర ఆగి ఉన్న ట్యాంకరును ఓ సుమో వెనక నుంచి ఢీకొంది. 13 మంది చనిపోయారు. వారిలో ఎక్కువమంది గోరంట్ల వైపు నుంచి బెంగళూరుకు బయల్దేరిన కూలీలే. ఆ వేళ పొగమంచు దట్టంగా ఉంది.

ఇలాంటి ప్రమాదాలకు కాగితం మీద పడే కారణం సాధారణంగా ఒకటే: అతివేగం, నిర్లక్ష్యం. ఒక్క మాటతో తేల్చేయడం తాడిమర్రికి తెలియనిది కాదు. 2022 జూన్ 30న ఈ మండలంలోని చిల్లకొండయ్యపల్లి దగ్గర కరెంటు తీగ ఆటోమీద పడి ఐదుగురు కూలీ మహిళలు కాలిపోతే, అధికారులు చెప్పిన కారణం ఉడుత! తీగ ఎందుకు తెగింది, తెగిన వెంటనే సరఫరా ఆగిందా అన్న ప్రశ్నలకన్నా ఉడుతకే ఎక్కువ పేరొచ్చింది.

ప్రమాదంలో మనిషి పాత్రను శాస్త్రీయంగా పరిశోధించేవారు ఇంకోలా అడుగుతారు. డ్రైవరుకు ఏం కనిపించింది? ఎప్పుడు? లారీ వెనక దీపాలు వెలుగుతున్నాయా? పాతరకం బల్బయితే అదే సాక్ష్యం చెబుతుంది. వెలుగుతుండగా గట్టి దెబ్బ తగిలితే లోపలి తీగ సాగి వంకర తిరుగుతుంది. ఆరి ఉంటే అలా సాగదు. ఎర్ర రిఫ్లెక్టర్ పట్టీ దుమ్ములో మునిగిందా? దూరం నుంచి చూస్తే ఆగిన లారీకీ కదిలే లారీకీ తేడా తెలియదు. దగ్గరయ్యాకే అది అమాంతం పెద్దదవుతుంది.

గంటకు 80 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 22 మీటర్లు. చూసి, తెలుసుకుని, కాలు బ్రేకు మీదికి వెళ్లడానికి మన రోడ్ల ఇంజినీర్లు లెక్కవేసే సమయం రెండున్నర సెకన్లు. అప్పటికే బండి 55 మీటర్లు దాటుతుంది. పూర్తిగా ఆగాలంటే 120 కావాలి. మంచులో కనిపించేది 50 మీటర్లే అయితే? నెమ్మదించాల్సింది అంటారా, నిజమే. మరి లారీ అక్కడెందుకు ఆగింది? ఆ డ్రైవరు ఎన్ని గంటలుగా నడుపుతున్నాడు? రోజుకు ఎనిమిది గంటల పని, అయిదు గంటలకో అరగంట విశ్రాంతి అని 1961 చట్టం ఎప్పుడో చెప్పింది.

అందుకే అదే వేళ, అలాంటి మంచులోనే, అంతే ఎత్తు సీటులో కూర్చుని చూడాలి. లారీ ఎక్కడినుంచి కనిపించిందో అక్కడ సుద్దగీత గీసి, టేపు పట్టి కొలవాలి.