బండ ఎట్ల పట్టుకోవాలో చెప్పలేదు

బేతంచెర్లలో ఒక నాపరాయి పాలిష్ ఫ్యాక్టరీలో పన్నెండేళ్లు మేస్త్రీగా పనిచేశాను. కొత్తవాళ్లను పనిలో పెట్టుకునేది నేనే. ‘రేపు పొద్దున ఏడింటికి రా’ అనేవాణ్ని. చెప్పేది ఆ ఒక్క మాటే.

2018 ఖరీఫ్‌లో వాన లేక చెనిక్కాయ చేలోనే ఎండిపోయింది. పత్తికొండ దిక్కు నుంచి ఒక పిల్లోణ్ని వాళ్ల మేనమామ పంపించాడు. తెల్లవారుజామునే బస్సెక్కి, డోన్‌లో మారి వచ్చాడు. కడుపులో ఏమీ లేదు, కాళ్లకు హవాయి చెప్పులు. రెండూ చూశాను. లోడు లారీ నిలబడి ఉంది, ‘పో, బండలు పట్టు’ అన్నాను.

నాపరాయి పొరలు పొరలుగా ఉంటుంది. అందుకే గడ్డపార మొన పెట్టి తడితే పలకలుగా విడుస్తుంది. ఆ పలకను మంచంలాగా పడుకోబెట్టి ఇద్దరు మోస్తే నడిమికి విరుగుతుంది. అంచు మీద నిలబెట్టి మోయాలి. మాకిది చిన్నప్పటి నుంచి తెలిసిందే గనక, తెలియనివాడు ఉంటాడన్న ఆలోచనే నాకు రాలేదు. వాడు పడుకోబెట్టే ఎత్తాడు. కోత మిషను నీళ్లు, రాతిబురద మీద చెప్పు జారింది. బండ రెండు ముక్కలై, ఒక ముక్క కుడికాలి మీద పడింది. రెండు వేళ్లు నుజ్జయినాయి.

ఆస్పత్రిలో కట్టు కడుతుంటే వాడు నన్ను అడిగిందొకటే. ‘అన్నా, బండ పగిలిపాయ గదా, కూలిలో పట్టుకుంటారా?’

గనుల్లో కొత్త కూలీలకు శిక్షణ ఇవ్వాలని 1966లోనే నియమాలు వచ్చినాయి. ఆ గనుల రాయినే రోజూ కోయిస్తూ, ఆ జాగ్రత్తలో అరపూట కూడా నేను వాడికి ఇవ్వలేదు.

ఆ తర్వాత కొత్తవాళ్లను ఒకరోజు ముందే రమ్మనేవాణ్ని. ఆ రోజు కూలి ఇప్పించడానికి ఓనరుతో గట్టిగానే మాట్లాడాల్సి వచ్చింది. టిఫిన్ ఎక్కడ దొరుకుతుందో, బూట్లు ఎవరిస్తారో, మిషను దగ్గర ఎంత దూరంలో నిలబడాలో చెప్పేవాణ్ని. తర్వాత పలుచని బండముక్కను రెండు ఇటుకల మీద పరిచి కాలితో తొక్కమనేవాణ్ని. ఫట్‌మని విరిగేది. అట్లాంటిదే ఇంకో ముక్కను అంచు మీద నిలబెట్టి, చేత్తో గట్టిగా అదమమనేవాణ్ని. అది చెక్కు చెదిరేది కాదు. వాళ్ల ముఖాల్లో అర్థమైనట్టు కనపడేదాకా పనిలోకి పంపేవాణ్ని కాదు.

ఆ పిల్లోడు మళ్లీ పనికి రాలేదు. మేనమామ సంతలో కనపడితే కాలు ఎట్లుందని అడుగుతాను. చలికాలం నొప్పి పెడుతుందంట.