కూలగొట్టమన్న ఇంటికి సున్నం వేశాం

హైదరాబాదులో మీకో పాత ఇల్లుందని తెలిస్తే చాలు, ఎదుటివాళ్ళ నోట్లోంచి వచ్చే మొదటి మాట "డెవలప్‌మెంట్‌కి ఇచ్చెయ్యొచ్చుగా?" అని. ఆ ఇంట్లో ఎవరుంటున్నారు, గోడలెలా ఉన్నాయి లాంటి ప్రశ్నలు ఆ తర్వాతే. చాలాసార్లు అసలు రావు కూడా. మా టీములోనే ఆరుగురు అడిగారు. అందులో ఇద్దరు వాళ్ళ ఇళ్ళు బిల్డరుకి అప్పగించి, మూడేళ్ళుగా అద్దెకుంటూ, శనివారం శనివారం వెళ్ళి ఎన్నో స్లాబు పడిందో చూసి వస్తున్నవాళ్ళే!

మా ఇల్లు తార్నాకలో ఉంది. 1965లో కట్టింది. తాతయ్య లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో పనిచేసేవారు, అందుకని దగ్గర్లో 280 గజాలు కొనుక్కున్నారు. పద్దెనిమిది అంగుళాల రాతి గోడలు, వాటి మీద సున్నం గిలాబు, కింద షాబాదు బండలు, పైన స్లాబు, గదికి రెండేసి వెంటిలేటర్లు, పెరట్లో ఒక జామచెట్టు. ఒకప్పుడు ఇక్కడ తోటలుండేవనీ, ఒక తోటకి తీగల కంచె, దానికో కాపలా నాకా ఉండేవనీ, అందుకే తార్ నాకా అనే పేరొచ్చిందనీ చెప్తారు. ఇప్పుడు మా వీధిలో మాది కాక ఇంకో రెండే పాత ఇళ్ళు మిగిలాయి.

బిల్డరు ఇచ్చిన లెక్క ఇది. స్టిల్ట్ మీద మూడంతస్తులు, ఆరు ఫ్లాట్లు, మాకు మూడు, ఆయనకి మూడు. వినడానికి బాగుంది. కానీ తాతయ్య వీలునామా రాయలేదు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం స్వార్జితం భార్యకీ, కొడుకులకీ, కూతుళ్ళకీ సమానంగా వస్తుంది. అంటే నానమ్మ, నాన్న, బాబాయ్, అత్త. నాలుగు వాటాలు, మూడు ఫ్లాట్లు. ఈ భాగహారం గురించి ఎత్తితే బిల్డరు నవ్వి, "పెద్దావిడకి వేరేగా ఎందుకండీ, ఎవరో ఒకరి దగ్గరే ఉంటారుగా" అన్నాడు. ఆ పెద్దావిడ పక్క గదిలోనే ఉంది. వినపడింది కూడా.

నానమ్మకి ఎనభై నాలుగేళ్ళు. కట్టడానికి పట్టే రెండేళ్ళో మూడేళ్ళో (బిల్డరు పద్దెనిమిది నెలలన్నాడు, అది మనం క్లయింటుకి చెప్పే డెడ్‌లైన్ లాంటిదే) ఆవిణ్ణి అద్దింట్లో పెట్టాలి. "ఈ గుమ్మం దాటితే మళ్ళీ వస్తానో రానో, ఎందుకురా" అంది అంతే. ఏడవలేదు, పోట్లాడలేదు. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు.

బాబాయ్‌ని ఇక్కడ విలన్‌ని చెయ్యడం నాకిష్టం లేదు. ఆయన వాదనలో బలం ఉంది. రిటైరయ్యాడు, పెన్షన్ లేదు, ఫ్లాటొస్తే నెలనెలా అద్దె వస్తుంది. "ఇంట్లో ఉండేది మీరు, రిపేర్లకి డబ్బులడిగేది నన్నా?" అన్నది న్యాయమైన ప్రశ్నే. పైగా పోర్టికో స్లాబు పెచ్చులూడి పడుతోంది, ఉత్తరం గది గోడ కింద మూడడుగులు ఉప్పు పట్టింది, మేడ మీద గది ఏప్రిల్ నుంచి జూన్ దాకా పొయ్యి. ఇవన్నీ నిజాలే.

మన వృత్తిలో వాళ్ళకి ఈ గొడవ కొత్తేం కాదు. పాత కోడ్‌ని బాగుచెయ్యాలా, మొదట్నుంచి మళ్ళీ రాయాలా? 2000లో జోయెల్ స్పోల్‌స్కీ రాసిన వ్యాసం మీలో చాలామంది చదివే ఉంటారు. నెట్‌స్కేప్ వాళ్ళు బ్రౌజర్‌ని మొత్తం మళ్ళీ రాద్దామని కూర్చుని ఏళ్ళు పోగొట్టుకున్నారనీ, వికారంగా కనపడే పాత కోడ్‌లో ఒక్కో అతుకు వెనకా ఎప్పుడో పట్టుకున్న బగ్గు ఒకటుంటుందనీ ఆయన వాదన. మా ఇంట్లో వెంటిలేటర్లు అచ్చం అలాంటివే. నా చిన్నప్పట్నుంచీ అవి పిచ్చుకల కోసం పెట్టిన కన్నాలనుకునేవాణ్ణి. వేడి గాలి పైకి లేచి బయటికి పోవడానికి పెట్టిన దారి అది. మధ్యలో ఎవరో దోమలొస్తున్నాయని అట్టలు కొట్టి మూసేశారు. ఈసారి ఆ అట్టలు పీకి దోమల జాలీ బిగించాం. మొత్తం ఖర్చు రెండువేల లోపు. నన్నడిగితే మొత్తం పనిలో పెట్టిన డబ్బుకి ఎక్కువ ఫలితం ఇచ్చింది ఇదే.

అయితే ఈ పోలిక ఒకచోట తెగిపోతుంది. కోడ్ అయితే వేరే సర్వర్ మీద పెట్టి పరీక్షించుకోవచ్చు. ఇంట్లో ఎనభై నాలుగేళ్ళ మనిషి, ఆవిడ మందులు, పూజ గది, పొద్దున్నే అయిదింటికి కాఫీ, ఇవన్నీ నడుస్తూండగానే గోడలు గీకాలి. అందుకే ఒక్కో గది చొప్పున ఖాళీ చేసుకుంటూ చేశాం.

రాతి గోడల మీద నాకు నమ్మకం పుట్టించింది మాత్రం స్పోల్‌స్కీ కాదు, ఉస్మానియా క్యాంపస్. మా ఇంటి నుంచి నడిచి వెళ్ళేంత దూరం, ఎండాకాలం పొద్దున్నే అయిదున్నరకి వాకింగ్‌కి పోతాను. రేల చెట్లు పసుపు పచ్చగా వేలాడుతుంటాయి, తురాయిలు ఎర్రగా మండుతుంటాయి. ఈ ఊరి ఎండాకాలాన్ని తిట్టేవాళ్ళు మే నెలలో ఒక్కసారి అటు వెళ్ళి చూడాలి. అక్కడి ఆర్ట్స్ కాలేజీ భవనానికి 1934లో పునాది వేశారు, 1939లో ప్రారంభించారు. అంతకుముందు నిజాం ప్రభుత్వం జైన్ యార్ జంగ్, సయ్యద్ అలీ రజా అనే ఇద్దరిని విదేశాలకి పంపి అక్కడి విశ్వవిద్యాలయాలు చూసి రమ్మంది. బెల్జియం దేశస్థుడు ఎర్నెస్ట్ జాస్పర్ దానికి ఆర్కిటెక్టు. విదేశమంతా తిరిగొచ్చి కట్టింది మాత్రం ఇక్కడి గ్రానైట్ రాయితోనే. మిట్టమధ్యాహ్నం ఆ లోపలి వరండాలో నిలబడితే ఒంటికే తెలుస్తుంది. మందపాటి రాయి పగలంతా వేడిని నెమ్మదిగా మింగుతుంది, ఆ వేడి లోపలి వైపుకి చేరేసరికి రాత్రవుతుంది, అప్పటికి కిటికీలు తెరుచుకోవచ్చు. మా ఇంటి గోడలూ ఆ జాతివే. మరి మా ఇల్లెందుకు ఉడికిపోతోందీ అంటే, తప్పు గోడలది కాదు, పైకప్పుది. ఇది అర్థమయ్యాకే బాబాయ్‌తో ధైర్యంగా మాట్లాడగలిగాను.

ముందు గోడ సంగతి. మొదట వచ్చిన కాంట్రాక్టరు ఉప్పు పట్టిన గిలాబంతా చెక్కేసి, సిమెంటు కొట్టి, పుట్టీ పెట్టి, మంచి ప్లాస్టిక్ పెయింటు వేస్తానన్నాడు. అలా వేసిన ఇళ్ళు మా చుట్టుపక్కల చూశాను, రెండు వానాకాలాలు తిరిగేసరికి పెయింటు అప్పడంలా ఉబ్బింది. ఆ రోజుల్లో చాలా ఇళ్ళకి పునాది దగ్గర చెమ్మని ఆపే పొర వెయ్యలేదు. నేలలోని నీరు రాతి సందుల్లోంచి పైకి పాకుతుంది. సున్నం గిలాబైతే ఆ నీరు ఆవిరై బయటికి పోతుంది. సిమెంటూ ప్లాస్టిక్ పెయింటూ దారి మూసేస్తే ఆ నీరు ఇంకా పైకెక్కి, తనతో తెచ్చిన ఉప్పుతో గిలాబునే తోసేస్తుంది. 2013లో మొదలైన కుతుబ్ షాహీ సమాధుల పునరుద్ధరణలో కూడా గత శతాబ్దంలో ఎవరో పూసిన సిమెంటు పొరలు తీసేసి మళ్ళీ సున్నమే వేశారు.

సున్నం పని తెలిసిన మేస్త్రీ దొరకడానికి మూడు వారాలు పట్టింది. చివరికి పాతబస్తీ నుంచి ఒక పెద్దాయన వచ్చాడు, చాచా అని పిలిచేవాళ్ళం. గోడ మీద చెయ్యి పెట్టి, గోటితో గీకి, "సిమెంటేస్తే గోడకు దమ్ము ఆడదు బేటా" అన్నాడు. నేను రెండు రాత్రులు కూర్చుని చదువుకున్నదంతా ఆ నాలుగు మాటల్లో అయిపోయింది. తొట్టిలో సున్నం నానబెట్టాడు, ఇసుకతో కలిపి నూరించాడు, బెల్లం నీళ్ళు, కరక్కాయ నీళ్ళు పోశాడు. నానమ్మ కుర్చీ వేసుకుని పక్కనే కూర్చుని, మేము గృహప్రవేశం చేసినప్పుడూ ఇదే వాసన అంది. ఇల్లు చేరిన మరుసటి ఎండాకాలంలో ఈ గదుల్లో తడిబట్టలు కట్టుకుని పడుకున్నారట. పెద్దవాళ్ళు ఎక్కువ చేసి చెప్తారులే అనుకున్నా గానీ, వెతికితే తేలింది, హైదరాబాదులో నమోదైన అత్యధిక ఉష్ణోగ్రత 45.5 డిగ్రీలు, తేదీ 1966 జూన్ 2. ఈ మాట చెప్తే "నేను చెప్తే నమ్మవు, ఫోను చెప్తే నమ్ముతావు" అని ఒక చురక.

ఎండాకాలంలో సున్నం పని చెయ్యకూడదనేవాళ్ళు ఉన్నారు. త్వరగా ఆరిపోతే పగుళ్ళు వస్తాయి, అది నిజమే. తడి గోనెపట్టాలు కట్టి రోజుకి నాలుగుసార్లు నీళ్ళు చల్లాం. నాకు వారానికి రెండు రోజులు ఇంటి నుంచి పని, ఆ రోజుల్లో స్టాండప్ కాల్‌లో మ్యూట్ చేసుకుని గోడకి నీళ్ళు చల్లేవాణ్ణి. మిగతా రోజుల్లో ఆ డ్యూటీ నాన్నది. స్లాబు పనికి మాత్రం ఎండాకాలాన్ని మించినది లేదు, వాన భయం ఉండదు. పోర్టికోలో కాంక్రీటు కింద ఇనుము తుప్పు పట్టి ఉబ్బడం వల్ల పెచ్చులు రాలుతున్నాయి. వదులుగా ఉన్నదంతా కొట్టేసి, ఊచల్ని ఇనుప బ్రష్‌తో తోమి, తుప్పు పట్టకుండా పూత వేసి, పాలిమర్ కలిపిన మోర్టార్‌తో నింపారు. సన్నబడిపోయిన రెండు ఊచల పక్కన కొత్తవి కట్టారు.

ఇక పైకప్పు. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది, మా సైజు ఇళ్ళకి అది తప్పనిసరి కాదు. 2017లో మన ట్రిపుల్ ఐటీ వాళ్ళూ మరికొన్ని సంస్థలూ కలిసి దేవరకొండ బస్తీలో పాతిక ఇళ్ళ మీద తెల్లటి పొర పరిచి చూస్తే లోపల సగటున రెండు డిగ్రీలు తగ్గింది. రెండేనా అని బాబాయ్ పెదవి విరిచాడు. సరే, వాదనెందుకని ఎ/బి టెస్టు పెట్టాను. పగుళ్ళు పూడ్చాక మేడ మీద సగానికే తెల్ల పూత వేయించి, మధ్యాహ్నం మూడింటికి ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు పట్టుకుని ఎక్కాను. పూత లేనివైపు 61, ఉన్నవైపు 43. ఫోటో తీసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టా. బాబాయ్ ఏమీ అనలేదు, చూసినట్టు రెండు నీలం గీతలు మాత్రం పడ్డాయి :) మర్నాడే మిగతా సగం కూడా వేయించాం.

కరెంటు పని గురించి ఎక్కువ చెప్పను. చెక్క పట్టీల మీద పాత వైరింగ్ మొత్తం పీకించి, ఎర్తింగు సరిచేసి, ఫ్యూజుల చోట ఎమ్.సి.బి.లు పెట్టించాం. పాత ఇల్లున్నవాళ్ళు ఇంకేం చేసినా చెయ్యకపోయినా ఇది చెయ్యండి.

షాబాదు బండలు తీసి టైల్స్ వెయ్యమని అందరూ అన్నారు. తియ్యలేదు. సందులు నింపి పాలిష్ పట్టించాం. మే నెల మధ్యాహ్నం ఆ నేల మీద దిండు కూడా లేకుండా పడుకుని, కూలర్‌లో తడిసిన వట్టివేళ్ళ వాసన పీలుస్తూ, బకెట్ నీళ్ళలో బంగినపల్లి కాయలు చల్లబడేదాకా ఎదురుచూడటం కంటే సుఖం ఏ రిసార్టులోనూ ఉండదని నా అభిప్రాయం. రాత్రయితే మేడ మీద నీళ్ళు చల్లి మంచాలు వేసుకునేవాళ్ళం. రంజన్‌లో నీళ్ళు, కింద నుంచి మల్లెపూల వాసన, దూరంగా తార్నాక స్టేషన్ నుంచి బయల్దేరిన ఆఖరి మెట్రో.

కానీ ఎండని ఆస్వాదించడం అనేది నీడ ఉన్నవాడి మాట, అది ఒప్పుకోవాలి. పాలమూరు నుంచి వచ్చిన ఇద్దరు ఆడవాళ్ళు, వాళ్ళ భర్తలు ఆ మేడ మీదే పనిచేశారు. నానమ్మే టైము మార్పించింది. పొద్దున్న ఆరు నుంచి పదకొండు, మళ్ళీ సాయంత్రం నాలుగు నుంచి ఆరున్నర. మధ్యలో వాళ్ళు మా ముందు గదిలోనే, అదే బండల మీద పడుకునేవాళ్ళు. దీనివల్ల పని పన్నెండు రోజులు సాగింది, కూలీ ఆ మేరకు పెరిగింది. ఇది మన ఎస్టిమేట్లలో ఎక్కడా ఉండని పద్దు.

మొత్తం ఖర్చు పదకొండు లక్షల నలభై వేలు. ఆరు నేనిచ్చాను, నాన్న మూడు, అత్త అడక్కుండానే రెండు పంపింది. మిగతాది నానమ్మ పోస్టాఫీసు డబ్బు, వద్దన్నా వినలేదు. బాబాయ్ ఇవ్వలేదు, మేమూ అడగలేదు. అయితే నానమ్మ ఉన్నంతకాలం ఇల్లు కదపకూడదనీ, మేడ మీద గది అద్దెకిచ్చి ఆ అద్దె బాబాయ్‌కే ఇవ్వాలనీ ఒక కాగితం రాసుకున్నాం. ఆ తర్వాత ఏమిటన్నది కాగితంలో లేదు. ఆ ప్రశ్న అలాగే ఉంది. మూడు వాటాలైతే మూడు ఫ్లాట్ల లెక్క సరిగ్గా సరిపోతుందని నాకూ తెలుసు, బాబాయ్‌కీ తెలుసు, బిల్డరుకి మరీ బాగా తెలుసు. ఆయన ఫోను నంబరు బాబాయ్ దగ్గర ఇంకా ఉంది.

మేడ మీద గదిలో ఉస్మానియాలో పీహెచ్‌డీ చేస్తున్న కుర్రాడొకడు దిగాడు. మృగశిర వెళ్ళిన నాలుగో రోజు మొదటి గట్టి వాన పడితే, అతనూ నేనూ టార్చి పట్టుకుని పైకప్పు మూలమూలా వెతికాం. నీళ్ళ గొట్టం దిగే చోట అరచెయ్యంత చెమ్మ కనపడింది. చాచాకి ఫోన్ చేశాను. ఇంట్లో పెళ్ళుందట, వచ్చే ఆదివారం వస్తానన్నాడు.