ఎల్బీ స్టేడియంలో ఆ కోర్టు చూశారా?

మాది మహదేవపూర్. కాళేశ్వరం బస్సెక్కితే దారిలో తగిలే ఊరు. గోదావరి, అడవి, దసలి పట్టు... మా దగ్గర చెప్పుకోడానికి చాలానే ఉన్నాయి. టెన్నిస్ మాత్రం మాకు టీవీలో చూసే ఆటే. అందుకే హైదరాబాద్‌లో ఉద్యోగం వచ్చాక ఓ వీకెండ్ ఆ కోర్టు చూడ్డానికే వెళ్లా.

బషీర్‌బాగ్ దగ్గరే ఎల్బీ స్టేడియం. పాత పేరు ఫతే మైదాన్, అంటే విజయ మైదానం. 1687లో గోల్కొండను గెలిచిన మొగల్ సైన్యం ఇక్కడే దిగిందట, ఆ పేరు అలా వచ్చింది.

ఇక్కడి టెన్నిస్ కోర్టులోనే 2005 ఫిబ్రవరిలో 18 ఏళ్ల సానియా మీర్జా హైదరాబాద్ ఓపెన్ గెలిచింది. ఫైనల్లో ఉక్రెయిన్ అమ్మాయి అల్యోనా బొందరెంకోపై మూడు సెట్లు పోరాడింది. డబ్ల్యూటీఏ సింగిల్స్ టైటిల్ కొట్టిన మొదటి భారతీయురాలు!

అంతకు ముందు నెలలోనే వైల్డ్ కార్డుతో ఆస్ట్రేలియన్ ఓపెన్‌కు వెళ్లి మూడో రౌండ్ చేరింది. అక్కడ సెరెనా విలియమ్స్ 6-1, 6-4తో ఆపింది. అదే ఏడాది యూఎస్ ఓపెన్‌లో నాలుగో రౌండ్ దాకా వెళ్తే షరపోవా అడ్డొచ్చింది. గ్రాండ్‌స్లామ్ మహిళల సింగిల్స్‌లో మన దేశం నుంచి అంతకు మించి ఇంకెవరూ పోలేదు.

గర్వంగా ఉంటుంది, గుచ్చుకుంటుంది కూడా. సింగిల్స్‌కి కోర్టు, కోచ్, ఏళ్ల తరబడి విమాన టికెట్లు కావాలి. సానియాకు కనీసం కోర్టు ఊళ్లోనే దొరికింది. మా మండలంలో రాకెట్ పట్టాలనుకునే పాప ఎక్కడికి పోవాలి?

2023 మార్చి 5న సానియా వీడ్కోలు మ్యాచ్ కూడా ఇక్కడే ఆడింది. సిటీకొస్తే చార్మినార్‌తో పాటు ఇదీ చూడండి. వెంట చెల్లినీ తీసుకురండి.