గోపాలపురంలో నాలుగు రోజులు

బరంపురంలో ఉండేవాళ్లకు గోపాలపురం యాత్రాస్థలం కాదు. పదహారు కిలోమీటర్లు. చుట్టాలొస్తే సాయంత్రం తీసుకెళ్లి సముద్రం చూపించి, రాత్రి భోజనాలకు ఇల్లు చేరుకుంటాం. కిందటి భాద్రపదంలో మాత్రం మా అక్కతో అక్కడ నాలుగు రోజులు ఉండి వచ్చాము. అందుకు ముందు ఇంట్లో పెద్ద గొడవే జరిగింది.

అక్కకు పెద్దప్రేగు కేన్సరు. కాలేయానికి పాకింది కనుక పూర్తిగా నయమయ్యే దశ కాదు. ఆరు నెలల కీమోథెరపీతో గడ్డలు కొంత తగ్గి నిలకడగా ఉన్నాయి. కాని ఆక్సాలిప్లాటిన్ అనే మందువల్ల వేళ్లు మొద్దుబారాయి. జాకెట్టు హుక్కులు పెట్టుకోలేదు. చల్లటి స్టీలు గ్లాసు ముట్టుకుంటే సూదులు గుచ్చినట్టు చెయ్యి లాగేసుకునేది. పోపు వాసన తగిలినా వాంతే. డాక్టరుగారే రెండు నెలలు మందులు ఆపి చూద్దామన్నారు.

బావ ఒప్పుకోలేదు. బ్యాంకులో చేసి రిటైరైన మనిషి, అంకెలు అడిగారు. డాక్టరుగారు దాచలేదు. 2011లో వెలువడిన ‘కాయిన్’ అనే బ్రిటన్ పరిశోధనలో మందులు మానకుండా వాడినవారిలో సగంమంది 15.8 నెలలు, మధ్యలో విరామం తీసుకున్నవారిలో సగంమంది 14.4 నెలలు దాటి బ్రతికారట. ప్లేట్‌లెట్లు ఎక్కువున్నవారికి విరామం చేటు చేసిందనీ, అక్కకు అవి మామూలుగానే ఉన్నాయనీ కూడా చెప్పారు.

“అంటే నెలన్నర పోతుందన్నమాట” అన్నారు బావ.

“ఆ నెలన్నరా నాదే కదండీ” అంది అక్క.

ఆయన ఇక మాట్లాడలేదు. ఆయనది భయం, అంతే. మా అందరిదీ అదే.

గోపాలపురం దారిలో మొగలిపొదలు పూసి ఉన్నాయి. గంజాం జిల్లావాళ్లకు అవి కంచెలూ, జీవనమూ కూడా. పొత్తులు కోసి రాగి పాత్రల్లో కాచి అత్తరు తీస్తారు. అక్క కారు ఆపించి అద్దం దించమంది. బావ కంగారుగా ప్లాస్టిక్ సంచి అందించారు. అవసరం పడలేదు. చాలాసేపు అలాగే కూర్చుంది.

ఒడ్డున నోలియాలు వలలు బాగుచేసుకుంటున్నారు. వాళ్లది ఒడియా మాటలు కలిసిన తెలుగు, మనదీ అంతేగా! అక్క నీళ్లలో పాదాలు పెట్టి, “వెచ్చగా ఉందిరా” అంది ఆశ్చర్యంగా. కొంతదూరం నడిచాక ఒక నోలియా అమ్మి వెనకనుంచి, “చెప్పొదిలేసినావమ్మా” అంటూ పరిగెత్తుకొచ్చింది. చెప్పు ఊడినట్టు అక్కకు తెలియలేదు. మందు ఆపాక కూడా కొన్ని నెలలు తిమ్మిరి పెరగవచ్చని డాక్టరుగారు ముందే చెప్పారు. అయినా బావ ముఖం వాడిపోయింది.

పాత రేవు శిథిలాల దగ్గర మా తాతగారి మాట వచ్చింది. ఒకప్పుడు అక్కడినుంచే రంగూనుకు స్టీమర్లు వెళ్లేవి. ఆయన రెండుసార్లు వెళ్లి వచ్చారు. మూడోసారి ఎక్కనివ్వకుండా నాయనమ్మ పెట్టె తాళం దాచేసిందట. ఆ కథ అక్కే చెప్పింది, నవ్వుతూ. మూడోనాడు చేపల పులుసు అడిగి మరీ తిన్నది.

కార్తీకంలో స్కాను తీశారు. ఒక గడ్డ కొంచెం పెరిగింది, మిగతావి అలాగే ఉన్నాయి. ఆక్సాలిప్లాటిన్ వదిలేసి వేరే మందుతో మళ్లీ మొదలుపెట్టారు. నెలన్నర సంగతి బావ మళ్లీ ఎత్తలేదు. తిరుగుదారిలో కొన్న మొగలిపొత్తు ఎండిపోయి అక్క బీరువాలో పట్టుచీరల మధ్య ఉంది. హుక్కులు మాత్రం ఇప్పటికీ మా మేనకోడలే పెడుతుంది.