సంధి కుదిరిన రెండేళ్ళకు

కళాశాల వార్షిక సంచికలో ఆటను గురించి వ్యాసమంటే అది క్రికెట్టో, కబడ్డీయో అయి ఉంటుందని పాఠకులు భావించడం సహజం. మేము వ్రాయబోయే ఆటకు మైదానం లేదు, బంతి లేదు, గెలుపోటములు సైతం లేవు. ఒక బల్ల, కొన్ని కాగితాలు, పెన్సిళ్ళు, రకరకాల పాచికలు, ఇంతే దాని సరంజామా. గత వేసవి సెలవులలో మేము ఐదుగురము పాతబస్తీలోని ఒక మిత్రుని ఇంటి మేడమీద గదిలో ఈ ఆటకు పథకం వేస్తూ సాయంకాలాలు గడిపాము. మాలో ముగ్గురము తెలుగును, ఇద్దరము ఉర్దూను ద్వితీయ భాషగా చదువుతున్నవారము. ఆ శ్రద్ధలో సగమైనా అకౌంటెన్సీ మీద చూపి ఉంటే బాగుండేదని కమిటీ పెద్దలు అనవచ్చును. వారి మాట కాదనలేము.

ఆట పేరు డంజన్స్ అండ్ డ్రాగన్స్. 1974లో గేరీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు అమెరికన్లు దీనిని ప్రచురించారు. అంతకుముందు బొమ్మ సైనికులను బల్లమీద నిలిపి ఆడే యుద్ధక్రీడలు ఉండేవి. వాటినుండే ఇది పుట్టింది. ఒకడు కథ చెబుతాడు, తక్కినవారు తలకొక పాత్ర ధరించి ఆ కథలో నడుస్తారు. చేయబూనిన పని ఫలించినదీ లేనిదీ పాచిక తేలుస్తుంది. కథ చెప్పేవానిని మా తెలుగువారము సూత్రధారి అన్నాము, ఉర్దూ మిత్రులు దాస్తాన్‌గో అన్నారు. రెండు పేర్లూ నిలిచిపోయాయి. నెలల తరబడి సాగే కథకు ఈ ఆటలో 'కాంపెయిన్' అని పేరు. ఆ మాటకు అసలు అర్థం దండయాత్ర అని నిఘంటువు చూచిన తరువాత గాని మాకు తెలియలేదు. మా చిక్కంతా ఆ మాటలోనే ఉన్నదని ఇప్పుడు అనిపిస్తున్నది.

మేము ఎన్నుకొన్న లోకం పేరు ఎబెరాన్. 2002లో ఒక ప్రచురణ సంస్థ కొత్త కల్పనాలోకాల కోసం పోటీ పెడితే పదకొండువేలకు పైగా ప్రతిపాదనలు వచ్చాయట. వాటిలో నెగ్గినది కీత్ బేకర్ అనే రచయిత ఊహించిన ఈ లోకం. 2004లో అది పుస్తకంగా వెలువడింది. ఆ లోకంలో గాలిఫార్ అనే మహాసామ్రాజ్యం ఉండేది. వారి శకం 894లో జారోట్ చక్రవర్తి మరణించగానే, అయిదు రాష్ట్రాలను ఏలుతున్న అతని అయిదుగురు సంతానం సింహాసనం కోసం కలహించుకొన్నారు. ఆ పోరు నూరేళ్ళు దాటి సాగింది. 994లో సైర్ అనే రాజ్యం ఒక్కదినంలో బూడిదరంగు పొగమంచు పాలై నశించింది. కారణం ఎవరికీ తెలియదు, ఆటవారి అధికారిక పుస్తకాలు కూడా కావాలనే చెప్పలేదు. ఆ భయంతోనే తక్కినవారు 996లో థ్రోన్‌హోల్డ్ అనే చోట సంధి పత్రం వ్రాసుకొన్నారు. పన్నెండు రాజ్యాలకు ఆ పత్రంలో గుర్తింపు లభించింది, నశించిన సైర్‌కు మాత్రం లభించలేదు. పుస్తకం మన చేతికి లోకాన్ని అప్పగించేది 998లో, అంటే సంధి కుదిరిన రెండేళ్ళకు.

ఇక్కడే మా వాదం మొదలయింది. యుద్ధం అయిపోయిన లోకంలో చేయడానికి పనేమున్నది? మాలో బి.కాం. చదువుతున్న మిత్రుడు ట్యూషన్లు చెప్పి కూడబెట్టిన డబ్బుతో ఆ పుస్తకం కొన్నవాడు. సంధిని భగ్నం చేసి మళ్ళీ యుద్ధం రాజేద్దామని అతడు తేల్చి చెప్పాడు. ఉర్దూ మిత్రుడొకడు అతనిని బలపరిచాడు. లక్నోలో నవల్ కిశోర్ ముద్రణాలయం అచ్చువేసిన అమీర్ హమ్జా దాస్తాన్ 46 సంపుటాలకు పెరిగినది ఎందువల్ల? ఒక తిలిస్మ్ భగ్నం కాగానే మరొకటి ఎదురుపడుతుంది, ఒక శత్రువు కూలగానే మరొకడు లేస్తాడు. తెలుగు మిత్రుడొకడు దీనికి అడ్డుపడి భారతాన్ని ముందుకు తెచ్చాడు. 18 పర్వాలలో స్త్రీపర్వం మొదలుకొని చివరి 8 పర్వాలూ యుద్ధం ముగిసిన తరువాతివే కదా! విరాటపర్వం మొదలు 15 పర్వాలు తెనిగించిన తిక్కన సుయోధనుడు పడగానే గంటం దించలేదు. కర్ణుడు తన జ్యేష్ఠపుత్రుడని కుంతి నోరు విప్పి చెప్పినది తర్పణాలు విడిచే వేళ. గెలిచిన తరువాతనే ధర్మజునికి అసలు దెబ్బ తగిలింది. రెండవ ఉర్దూ మిత్రుడు ఇరువురి మాటా విని, దాస్తాన్‌కు రజ్మ్ ఒక్కటే అంగం కాదు, బజ్మ్ కూడా అంగమే అన్నాడు. యుద్ధం ఎంతో కొలువు అంతే. వినడానికి అందరికీ బాగున్నది గాని, కొలువులో ఏమి జరగాలో ఎవరికీ తోచలేదు. మాకు తెలిసిన సినిమాలన్నీ యుద్ధంతోనే ముగుస్తాయి మరి.

ఏమీ తేలక, నియమాలు అలవాటు కావడానికని ఒక సాయంకాలం నమూనాగా ఆడి చూచాము. సూత్రధారి మమ్మల్ని బ్రేలండ్ దేశపు బాట మీద నడిపించాడు. దారి పక్కన చెట్టుకింద ఒకడు నిద్రపోతున్నాడు, వాని ఒంటిమీద పాత శత్రుదేశమైన కర్నాథ్ సైనికుల కోటు ఉన్నది. బి.కాం. మిత్రుడు ధరించిన పాత్ర సైర్‌లో పుట్టి సర్వమూ పోగొట్టుకొన్న ఖడ్గధారి. అతడు తడుముకోలేదు. ఇరవై ముఖాల పాచిక దొర్లించాడు, సరిగా ఇరవై పడింది. మేమందరమూ బల్ల చరచి కేకలు వేశాము. చచ్చినవాని సంచిలో ఏమున్నదని అడిగితే మూడు వెండి నాణాలని సూత్రధారి చెప్పాడు. మూడేనా అని మళ్ళీ నవ్వుకొన్నాము.

మేడమీద గాలికి కూర్చునే అలవాటున్న ఆ ఇంటి పెద్ద, మా మిత్రుని తాతగారు, అంతవరకు రేడియో పెట్టుకొని మూలన ఉన్నారు. ఆయనను మేమందరమూ దాదాజాన్ అనే పిలుస్తాము. రేడియో కట్టివేసి, "సుల్హ్ కుదిరి ఎన్నాళ్ళయిందన్నారు బేటా?" అని అడిగారు.

"రెండేళ్ళు, దాదాజాన్."

"మరి వాడు చేసిన నేరమేమిటి?"

శత్రుసైనికుడని, ఇంకా ఆ కోటు తొడుక్కొనే ఉన్నాడని మాలో ఒకడు సమాధానం చెప్పాడు.

"వేరే బట్టలు లేవేమో" అన్నారు దాదాజాన్.

ఆయన 1971లో సిపాయి. అప్పటికి ఇరవై రెండేళ్ళవాడు. డిసెంబరు 16న ఢాకాలో పాకిస్తాన్ సైన్యం లొంగిపోయిన నాడు మిఠాయి పంచుకొన్నామని, పది దినాలలో ఇల్లు చేరుతామనుకొన్నామని చెప్పారు. చేరలేదు. సుమారు 93,000 మంది బందీలుగా చిక్కారు, వారిని ఉంచిన శిబిరాలలో ఒకదానికి ఆయనను కాపలాకు పంపారు. ఉర్దూ తెలిసినవాడు గనుక తీగ కంచె అవతలినుండి బందీలు ఆయననే పిలిచి, "భాయీ, ఎప్పుడు పంపుతారట?" అని అడిగేవారు. ఆయనకు మాత్రం ఏమి తెలుసు? 1972 జూలైలో సిమ్లా ఒప్పందం జరిగింది, కంచె తెరుచుకోలేదు. 1973 ఆగస్టులో ఢిల్లీలో మరొక ఒప్పందం జరిగాక గాని రైళ్ళు కదలలేదు, అందరూ వెళ్ళేసరికి 1974 ఏప్రిల్ వచ్చింది. పదునాలుగు దినాలలోపే ముగిసిన యుద్ధానికి రెండేళ్ళకు పైబడిన శేషం! ముల్తాన్ వైపు వంటవాడొకడు ఆయనతో రోజూ వాదం పెట్టుకొనేవాడట. మన హైదరాబాదు ఖట్టీదాల్ సంగతి ఆయన చెబితే, పప్పులో చింతపండు పోస్తారా అని ఆ మనిషి కడుపు పట్టుకొని నవ్వేవాడట. ఒక ఉదయం అతని వంతు రైలు వచ్చింది, ఎక్కి వెళ్ళిపోయాడు. "ఊరి పేరు కూడా అడగలేదు. అడిగి ఉంటే మాత్రం ఏం చేసేవాణ్ణి?" అని దాదాజాన్ మళ్ళీ రేడియో పెట్టుకొన్నారు.

మేము మౌనంగా కూర్చున్నాము. బి.కాం. మిత్రునికి ఆ మౌనం తన మీద నేరారోపణలా తోచింది. "ఇది ఆట. చచ్చింది కాగితం మనిషి. మీరూ నవ్వారు గదా" అన్నాడు. అది నిజమే. కాని మాలో ఒకరిద్దరము, అప్పటికప్పుడు సాధువులమైపోయినవారము, అతనిని దెప్పి మాట్లాడాము. అతడు పుస్తకము, పాచికలు సంచిలో వేసుకొని మెట్లు దిగి వెళ్ళిపోయాడు. రెండు వారాలు రాలేదు. ఫోను చేస్తే పనున్నదన్నాడు. ఇంటర్మీడియట్ నాటినుండి ఒకే బెంచీమీద కూర్చున్నవాడు. ఆ రోజులలో మాకు కావలసినది అతడో, అతని పుస్తకమో మాకే స్పష్టంగా తెలియదు. ఈ మాట వ్రాయడానికి సిగ్గుగా ఉన్నది.

మూడవ వారం అతడే వచ్చాడు, చేతిలో ఒక లాంగ్ నోటుబుక్కు. అందులో పదకొండు పేజీలు ఆ చచ్చిన సైనికుని గురించే. వానికి పేరు పెట్టాడు, ఊరు పెట్టాడు. పదహారో ఏట సైన్యంలోకి పట్టుకుపోయారు. బ్రేలండ్ చెరసాలలో ఉండి, విడుదలయ్యాక కాలినడకన ఇల్లు చేరబోతున్నాడు. ఇంటి వద్ద తల్లి ఉన్నది. కర్నాథ్ దేశం కరవుకాలంలో తన మృతసైనికులనే మంత్రబలంతో లేపి మళ్ళీ యుద్ధానికి నడిపిందని పుస్తకంలో ఉన్నది. పెద్ద కొడుకును అలా నడిపించడం ఆ తల్లి కళ్ళారా చూచింది. చిన్నవాడైనా మనిషిగా తిరిగి వస్తాడని ఎదురుచూస్తున్నది. "వాని కోటు, ఆ మూడు నాణాలు మనమే పట్టుకుపోయి ఆమెకు ఇవ్వాలి. మన కాంపెయిన్ ఇదే" అన్నాడు. క్షమాపణలు మేమూ చెప్పలేదు, అతడూ అడగలేదు. సూత్రధారి బల్ల మీద పటం పరిచాడు.

ఆ తరువాత పథకానికి కొదవ లేకపోయింది. బ్రేలండ్ నుండి తూర్పుకు పోయే మెరుపురైలు దారి సైర్ నాశనంతో తెగిపోయింది. కనుక థ్రేన్ మీదుగా చుట్టు తిరిగి, థాలియోస్ట్ నగరం చేరి, అక్కడ నీరు దాటి కర్నాథ్‌లో అడుగు పెట్టాలి. ఆ థాలియోస్ట్ పుట్టుకచేత ఔండెయిర్ వారిది, సంధి మాత్రం దానిని థ్రేన్‌కే విడిచిపెట్టింది. అటువంటి ఊరిలో సత్రం యజమాని ఏ భాషలో పలకరిస్తాడు, ఏ రాజు ముఖమున్న నాణెం తీసుకొంటాడు? ప్రతి సరిహద్దులోనూ గుర్తింపు పత్రాలు చూపాలి. లేని దేశపు పౌరుడైన మా సైర్ ఖడ్గధారి ఏ పత్రం చూపుతాడు? ఒక్క తనిఖీకే ఒక సాయంకాలం పట్టింది.

అన్నిటికంటె ఎక్కువ కాలం వార్‌ఫోర్జ్‌డ్ సమస్య తిన్నది. వీరు యుద్ధం కోసమే కర్రతో, లోహంతో నిర్మించబడిన మనుషులు. ఆలోచన ఉన్నది, బాధ ఉన్నది. ఆకలి లేదు, నిద్ర అక్కరలేదు. సంధిపత్రం వీరిని వస్తువులు కారు, స్వతంత్రులని ప్రకటించి, ఇక మీదట ఇటువంటివారిని తయారుచేయరాదని కొలుములు ధ్వంసం చేయించింది. అయినా కర్నాథ్‌లోను, థ్రేన్‌లోను వారిచేత వెట్టి చేయించడం మానలేదు. మాలో ఒకడు ఇటువంటి పాత్ర తీసుకొన్నాడు. వానికి కూలి ఎంత ఇవ్వాలి? తిండి ఖర్చు లేనివానికి తక్కువ చాలునని ఒకడు, రాత్రింబవళ్ళు పనిచేస్తాడు గనుక రెండింతలు ఇవ్వాలని మరొకడు. అతడు తక్కువకు ఒప్పుకొంటే పిల్లలున్న హమాలీకి పని దొరకదు గదా అని ఇంకొకడు. ఎకనామిక్స్ తరగతిలో ఇంత వేడిగా మేము ఎన్నడూ మాట్లాడలేదు. సైర్ ఎందుకు నశించిందన్న రహస్యం మీద మొదట్లో మూడు నోటుబుక్కులు నింపాము. ఇప్పుడు అవి అటకమీద ఉన్నాయి.

చివరి తగవు పాచిక మీద వచ్చింది. ఒకరిని మాటలతో ఒప్పించాలన్నా పాచిక వేయడం ఈ ఆటలో నియమమే. పెద్ద అంకె పడితే ఎదుటివాడు మెత్తబడతాడు. ఆ తల్లి ముందు కూడా వేయవలసినదేనా? నియమం నియమమే, పక్షపాతం తగదని సూత్రధారి అన్నాడు. బి.కాం. మిత్రుడు ససేమిరా అన్నాడు. చంపడానికి పాచిక సరిపోయింది గాని దీనికి సరిపోదన్నాడు. గంటసేపు వాదించుకొని, గుమ్మం దాటాక పాచిక ముట్టరాదని కాగితంమీద వ్రాసి అయిదుగురమూ సంతకాలు చేశాము.

సెమిస్టరు పరీక్షల తరువాత తొమ్మిది సాయంకాలాలు ఆడి ఆ ఊరు చేరాము. ఇల్లు ఊరి చివర ఉన్నదని, పొగగూటినుండి పొగ వస్తున్నదని సూత్రధారి చెప్పాడు. ఖడ్గధారి కత్తి విప్పి కంచెకు ఆనించి తలుపు తట్టాడు. ముసలామె తలుపు తీసింది. అతని ముఖం చూడలేదు, చేతిమీద మడిచి ఉన్న కోటును చూచింది. "ఇది నీకు ఎక్కడ దొరికింది నాయనా?" అని అడిగింది.

సూత్రధారి ఆగాడు. మా మిత్రుడు పాచికలు జేబులో వేసుకొని చాలాసేపు బల్లవైపు చూస్తూ ఉండిపోయాడు. తరువాత, ఏమి చెప్పాలో తనకు తెలియడం లేదని, వారం గడువు కావాలని అడిగాడు. ఇచ్చాము.

కిందికి దిగి వస్తూ ఉంటే వరండాలో దాదాజాన్ ఎదురుపడ్డారు. "తలుపు తీసిందా?" అని అడిగారు.

తీసిందని చెప్పాము.