ఏరివేసిన గింజలు

గడచిన విద్యాసంవత్సరమున ఎనిమిదవ తరగతిలో సూక్ష్మజీవులను గూర్చి పాఠము చెప్పుచు, మేము బూజుపట్టిన వేరుసెనగ గింజలు నాలుగు కాగితముపై నుంచి పిల్లలకు చూపితిమి. వానిమీద పసుపు కలిసిన ఆకుపచ్చని పొడి యుండెను. ఇట్టి గింజలయందు అఫ్లటాక్సిన్ అను విషము పుట్టవచ్చుననియు, కావున వానిని ఏరి తీసివేయవలయుననియు చెప్పితిమి. వెనుక బల్లనుండి యొక బాలిక లేచి, "ఏరి తీసినవాటిని ఏం చేస్తారు సార్?" అని యడిగెను. "పారవేయుదురు" అని మేము వెంటనే అంటిమి. ఆ బాలిక కూర్చుండెను గాని, మా మాట నమ్మినట్లు ఆమె ముఖము చెప్పలేదు. నమ్మకపోవుటయే న్యాయము. ఏరివేసిన గింజలు ఎక్కడికి పోవునో మేము బాగుగా నెరుగుదుము. ఎరిగియు తరగతిలో చెప్పలేకపోతిమి. ఈ సంచిక కేదేని వ్రాయుడని సంపాదకవర్గమువారు కోరగా, నాడు ఆ బాలికకు చెప్పవలసియుండిన ప్రత్యుత్తరమునే ఇక్కడ వ్రాయుచున్నాము.

మా స్వగ్రామము కర్నూలు జిల్లాలో పత్తికొండ ప్రాంతమున నున్నది. ఎఱ్ఱనేల, వానను నమ్మి విత్తు సేద్యము. పుస్తకములలో వేరుసెనగ యనుదానిని మేము చెనక్కాయ యందుము. కొన్ని ఊళ్లలో బుడ్డలనియు నందురు. పంట ఇల్లు చేరి కాయలు ఒలిచిన పిదప మా తల్లి వసారాలో చేట ముందుంచుకొని కూర్చుండి మూడు కుప్పలు చేసెడిది. మొదటిది నిండైన గింజ. అది విత్తనమునకును అంగడికిని. రెండవది నడితరము, అది గానుగకు. ముడుతలు పడినవి, నల్లబడినవి, పురుగు తొలిచినవి, బూజు తగిలినవి మూడవ కుప్ప. ఆ మూడవ కుప్పయే మాది. దానిని వేయించి మిరపకాయలతో నూరిన ఊరుబిండి యున్నచో మేము సంగటి ముద్ద మరియొకటి అడిగెడివారము. చేదు గింజ నోట పడినప్పుడు ఉమ్మివేసి తక్కినది తినెడివారము. మిగిలినది దంచి ఎనుముకు కుడితిలో కలిపెడివారు. కాయలు ఒలువవచ్చిన కూలి స్త్రీలకు సాయంకాలమున కూలితోబాటు ఒక పడి ఆ కుప్పనుండియే మా తల్లి కొంగులో పోసెడిది. వారును సంతోషముతో తీసికొనిపోయెడివారు.

ఇది లోభమని చదువరులు తలపకుందురు గాక. కరువు చూచిన యింటిలో గింజ పారవేయుట చిన్న తప్పు కాదు. "తినే గింజను పారబోసే చెయ్యి నాకు లేదు నాయనా" అని మా తల్లి ఇప్పటికిని అనును. మంచిది అమ్మి, చెడినది తినుట మా సీమ గృహిణుల పొదుపు. ఆ పొదుపుచేతనే మేము కర్నూలులో చదివి ఉపాధ్యాయ శిక్షణము పొందగలిగితిమి. అందుచేత ఆ కుప్పను నిందించుట మాకంత సులభము కాదు.

ఉద్యోగమున చేరిన కొలది సంవత్సరములకు మేము ఇంటి పెరటిలో ఒక ఎనుమును, 40 కోడిపిల్లలను పెంచితిమి. జీతమునకు కొంత తోడగునని ఆశ. ఊరినుండి మూడవ కుప్ప గింజలు ఒక గోనెసంచి తెచ్చి, దంచి, కోడిపిల్లల మేతలో కలిపెడివారము, ఎనుముకును పెట్టెడివారము. ఆ సంవత్సరము ముసురు పట్టి సంచి అడుగు తేమయెక్కెను. పైనున్నవి బాగుగనే యున్నవి కదా యని వాడుకొంటిమి. మొదట పిల్లలు మేత మానినవి. పిదప రెక్కలు వ్రేలవేసి మూల నక్కినవి. మూడు వారములలో 11 మిగిలినవి. తెగులు తగిలినదని యెంచి పశువైద్యుని పిలిచితిమి. ఆయన చచ్చిన పిల్ల నొకదానిని కోసి చూపెను. కాలేయము ఉబ్బి, ఎరుపు పోయి, పాలిపోయియుండెను. ఆయన తెగులును గూర్చి యొక్క మాటయు అడుగక, మేత ఏదని అడిగెను. సంచిలో చేయి పెట్టి అడుగునుండి పిడికెడు తీసి వాసన చూచెను.

"ఇదే ఎనుముకు కూడా పెడుతున్నారా?" అనెను.

పెట్టుచున్నామంటిమి.

"పాలు ఎవరు తాగుతున్నారు?"

అప్పటికి మా పెద్దబిడ్డకు 14 నెలలు. తల్లిపాలు చాలక ఆ ఎనుము పాలే పట్టుచుండిరి. ఆ ప్రశ్నకు మేము వెంటనే బదులు చెప్పలేదు. మా గృహిణి తలుపు చాటుననుండి వినుచుండెను. ఆమె లోపలికి పోయి పొయ్యిమీది పాలగిన్నె తెచ్చి, మమ్ము అడుగకయే పెరటిలో కుమ్మరించెను.

ఇక్కడ ఒక మాట నిష్పక్షపాతముగా చెప్పవలెను. ఆ మేతను గాని పాలను గాని ఎవరును పరీక్షింపలేదు. కాలేయము అట్లుండుట కిది కారణము కావచ్చునని మాత్రమే వైద్యుడు చెప్పెను. మేత మార్చితిమి, మిగిలిన పిల్లలలో కొన్ని బ్రదికినవి, మా బిడ్డ ఆరోగ్యముగా పెరిగి ఇప్పుడు పై తరగతులు చదువుచున్నది. ఐనను ఆ రాత్రి మేము నిద్రపోలేదు. బూజు రుచిని మాత్రమే చెరుచుననియు, వేయించినచో దోషము పోవుననియు అంతవరకు మేమే పిల్లలకు చెప్పియుంటిమి. ఎన్ని తరగతులకు చెప్పితిమో లెక్క లేదు.

వేయించుటచేత బూజు చచ్చును, నిజమే. కాని బూజు విడిచిన విషము చావదు. వంట మంటకు అది కొంత తగ్గునే గాని పోదు. కడిగినను సంపూర్ణముగా వదలదు. దానికి రంగు లేదు, వాసన లేదు. పాడిపశువు ఆ విషము తిన్నచో అందులో కొంత రూపము మారి, దినము గడవకముందే పాలలోనికి వచ్చును; మేత మాన్పినచో నాలుగైదు దినములలో పాలనుండి పోవును. శాస్త్రజ్ఞులు దీని తెగలకు అక్షరములతో పేర్లిడిరి. అతినీలలోహిత కాంతిలో నీలముగా మెరయునవి బీ తెగ, ఆకుపచ్చగా మెరయునవి జీ తెగ, పాలలో కనబడునది ఎమ్ తెగ. ఆంగ్లములో ఆ రంగుల పేర్లకును, పాల పేరునకును మొదటి అక్షరములవి. పరీక్షకు చదువు పిల్లలకు ఈ కిటుకు ఉపకరించును.

ఈ విషము లోకమునకు తెలిసిన విధము వినదగినది. 1960వ సంవత్సరమున ఇంగ్లండులో లక్షకుపైగా టర్కీ కోళ్లు కొలది నెలలలో చచ్చెను. కారణము తెలియక దానిని టర్కీ ఎక్స్ వ్యాధి యనిరి. బీజగణితములో తెలియని రాశికి ఎక్స్ అని పేరు కదా. వెదకగా వెదకగా ఆ పక్షుల దాణాలో బ్రెజిలు దేశమునుండి వచ్చిన వేరుసెనగ పిండి కలదని తేలినది. ఆ పిండికి పట్టిన బూజు పేరు ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్. ఆ రెండు మాటల తొలి అక్షరములకు విషమను అర్థముగల టాక్సిన్ చేర్చగా అఫ్లటాక్సిన్ అయినది. ఆస్పర్జిల్లస్ అను పేరు మాత్రము చాల పాతది. 1729లో మికేలి యను ఇటలీ దేశపు మతగురువు దాని నిడెను. ఆయన వృక్షశాస్త్రమునందును పండితుడు. ఆ బూజు ఆకారము దేవాలయమున పవిత్రజలము చిలుకరించు సాధనమువలె ఆయనకు కనబడెనట. పేరు పవిత్రమే గాని పని వేరు.

ఇది ఎక్కడనో సీమలోని కోళ్ల సంగతి యని మనము ఊరకుండ వీలులేదు. ఆంధ్రప్రదేశమున ముర్రా గేదెలకు వేరుసెనగ పిండివలన విషబాధ కలిగెనని పశువైద్య శాస్త్రజ్ఞులు 1965లోనే ప్రకటించిరి. చిక్కిపోయిన పిల్లలకు బలము వచ్చుటకై వేరుసెనగ పిండి పెట్టగా, ఆ పిండిలోనే ఈ విషముండి కొందరి కాలేయములు చెడెనని మైసూరు వైద్యులు 1971లో వ్రాసిరి. పెట్టినవారి దయయందు లోపము లేదు. పిండిలో నున్నది వారెరుగరు. 1974లో గుజరాతు, రాజస్థాన రాష్ట్రములలోని పల్లెలలో, కోతవేళ అకాలవర్షమునకు తడిసి బూజుపట్టిన మొక్కజొన్నను గిరిజనులు తినిరి. వేరు ధాన్యము లేని బీదవారు. సుమారు 400 మందికి కామెర్లు వచ్చి పొట్టలు ఉబ్బెను, నూరుమందికిపైగా మృతినొందిరి. ఆ ఇండ్లలోని కుక్కలును అట్లే జబ్బుపడి చచ్చెను. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు పోయి పరిశోధించి, కారణము అఫ్లటాక్సిన్ అని 1975లో లాన్సెట్ అను వైద్యపత్రికలో ప్రకటించిరి. ఇట్లు ఒకేమారు చంపునది ఎక్కువ మోతాదు. తక్కువ మోతాదు ఏండ్ల తరబడి కడుపులోనికి పోయినచో కాలేయమున పుట్టకురుపు పుట్టింపగలదని తేలినది. 1987 నాటికే అంతర్జాతీయ పుట్టకురుపు పరిశోధనా సంస్థవారు దీనిని నిశ్చయముగా ఆ వ్యాధి కలిగించువాని వరుసలో చేర్చిరి.

తక్కువ యనగా ఎంత? శుద్ధిచేయబోవు వేరుసెనగకు కోడెక్స్ అను అంతర్జాతీయ ఆహారప్రమాణ సంఘమువారు కిలోకు 15 మైక్రోగ్రాములు హద్దుగా నిర్ణయించిరి. మైక్రోగ్రామన గ్రాములో పదిలక్షలవ వంతు. మా తరగతిలో ఈ లెక్క నిచ్చితిమి: కిలోకు 1,00,000 మైక్రోగ్రాముల చొప్పున విషము పట్టిన గింజ యొకటి అర గ్రాము తూగును, దానిని ఎన్ని కిలోల మంచి గింజలలో కలిపినచో హద్దు తప్పును? ఆ ఒక్క గింజలో విషము 50 మైక్రోగ్రాములు. మూడు కిలోలలో కలిపినను కిలోకు 16కు మించును. అంతకంటె ఎన్నో రెట్లు విషముగల విడిగింజలు నిజముగనే దొరకినవి. ఒక్క గింజ మూడు కిలోలను చెరుచునని తెలిసినప్పుడు పిల్లలు పుస్తకమునుండి తల లెత్తి చూచిరి. ఏరుటలోని బలమును అందులోనే కలదు. కొలది గింజలు తీసివేసినచో విషములో పెద్ద పాలు పోవును. ఐతే ఆ పాలంతయు ఏరిన కుప్పలో చేరును. మా మూడవ కుప్ప అదియే.

మా సీమలోనే ఈ బాధ ఎక్కువ యగుటకు కారణము కలదు. కాయ ముదురు కడపటి మూడు నాలుగు వారములలో వాన లేక నేల కాగినచో గింజ తేమ కోల్పోవును. నిండుగా నున్న గింజ బూజును ఎదిరించు ద్రవ్యములను తనంతట తానే పుట్టించుకొనును; తేమ తగ్గగానే ఆ శక్తి నశించును. బూజునకు మాత్రము ఆ కొద్ది తేమ చాలును. కర్నూలు, కడప జిల్లాలలో పంట కడపట ఎండుట మనకు క్రొత్త గాదు. అందుచేత విషము అంగడిలోనో కొట్టులోనో మాత్రమే పుట్టుననుకొనరాదు. మొక్క నేలలో నుండగానే పుట్టవచ్చును. పిదప పెరికిన కాయ ఆరకముందే కుప్ప వేయుట, దానిపై వాన పడుట, ఒలుచునప్పుడు పప్పు విరుగకుండ కాయలపై నీరు చల్లుట, ఇవన్నియు దానిని పెంచును. నీరు చల్లుట మా ఊరిలో ఇంటింటి అలవాటు. దానిని మాన్పించుటకు మేము పడిన పాట్లు వేరొక వ్యాసమగును.

1972లో పటాన్‌చెరువున స్థాపింపబడిన ఇక్రిశాట్ సంస్థవారు వేరుసెనగలోని ఈ విషముపై చిరకాలముగా పనిచేయుచున్నారు. తక్కువ వెలతో దానిని కనుగొను పరీక్షను గూడ సిద్ధము చేసిరి. రైతునకు వారు చెప్పునది కష్టమైనది కాదు. ముదిరిన వెంటనే పెరుకుము, కాయలు పైకి వచ్చునట్లు మొక్కలను తిరగవేసి ఆరబెట్టుము, తేమ నూటికి 8 వంతులకు దిగిన పిదపనే సంచికెత్తుము, చితికిన కాయను వేరుచేయుము. చేతితో ఊపగా కాయలో గింజ గలగలలాడవలెనని మా తల్లి చెప్పునది ఇంచుమించుగా ఇదియే.

ఏరిన దానిని ఏమి చేయవలెనను చోటనే అందరును చిక్కుకొందురు. నేరుగా తిను వేరుసెనగలో కిలోకు 4 మైక్రోగ్రాములు మించరాదని ఐరోపావారి నిబంధన. కావున మంచి గింజ ఓడనెక్కును. తిరస్కృతమైనది మన ఊరి గానుగకు వచ్చును. శుద్ధిచేసిన నూనెలో ఈ విషము దాదాపుగా నిలువదు గాని, పిండిలో నిలుచును. ఆ పిండి పశువునకు, పాలు బిడ్డకు. ఎవరును ఎవరికిని కీడు తలపలేదు.

మా తల్లితో ఈ విషయమై మేము పదేండ్లు వాదించితిమి. కడపట మూడవ కుప్పకు మేమే వెల కట్టి కొందుమని ఒప్పందము చేసికొంటిమి. మొదటి సంవత్సరము ఆమె మా సొమ్ము పుచ్చుకొని, సగము కుప్ప మరల ఎనుముకే పెట్టెను! తరువాతి సంవత్సరమునుండి మేమే ఎదుట నుండి పొలము గట్టున కాల్చివేయుచున్నాము. నిండుగా మండును, నూనె గింజ కదా. ఆమె ఆ మంటవైపు చూడదు.

గడచిన పంటకు కాల్చుట ముగించి వచ్చుసరికి కాయలు ఒలిచిన కూలి స్త్రీ వసారాలో నిలిచియుండెను. ఖాళీయైన మూడవ చోటు చూచి, "అయితే మాకేం పోస్తావమ్మా?" అనెను. మా తల్లి కొంతసేపు ఊరకుండి, మొదటి కుప్పలో పడి ముంచి, తిరిగి సగము ఒంపివేసి, మిగిలినది ఆమె కొంగులో పోసెను. ఆ స్త్రీ కొంగు చూచుకొని, "ఇది సగమే కదమ్మా" అనెను. మా తల్లి మా వైపు చూచెను. అంగడికి పోవలసిన సంచి మూతి అప్పటికే కుట్టియుండెను. మేము దారము విప్పితిమి.